సున్నం గీతలు

హౌరా బండి దిగిన పదకొండు మందిని
నెల్లూరు టేషన్ బయట టీ బంకు పక్కన
వరసగా నిలబెట్టి
అరచేతులు తిప్పి తిప్పి చూసినాడంట మేస్త్రీ మస్తానయ్య.
కాయలు కాసిన చేతుల్ని ఆటో ఎక్కించినాడు.
ఆధార్ కార్డుల్ని తన సంచికెక్కించినాడు.

విడవలూరు కాలవ కింద కయ్యల్లో
అప్పటిదాకా నాటు మాది.
మా అమ్మ నడుము, నా నడుము,
తోడికోడలు సుబ్బరత్తమ్మ నడుము
వంగి వంగి ఆ వొంపునే ఎండిపోయినాయి.
మొగోడు నారు పట్టుకుంటే నవ్వేవాళ్ళం మేము.
ఈళ్ళందరూ మొగోళ్ళే.
లుంగీలు తొడల దాకా ఎగజెక్కి
ఎనక్కి నడస్తా, నాటతా పోతుంటే
గట్టు మీద కూచున్నోళ్ళం
ఒక్కరమూ నవ్వలా.

పొద్దు వాలేసరికి మూడెకరాలు పచ్చబడింది.
మాకైతే మూడు రోజులు.

రైతు రాఘవులు నా మొహం చూళ్ళేక
"నువ్వు లెక్క చూసుకో పెంచలమ్మా" అన్నాడు.
నాకు అక్షరం రాదని ఆయనకి తెలుసు.
ఎకరానికొక గీత, మోటారు కొట్టం గోడ మీద.
వక్కాకు సంచిలో సున్నం డబ్బీ ఉండనే ఉంది,
చూపుడేలు ఉంది.

మొదటి రోజు మూడు గీతలు గియ్యాల.
ఏలు సున్నంలో ముంచినా.
ముంచి,
ఆకుకి రాసుకోని నోట్లో పెట్టుకున్నా.
మూడెకరాలు.
నమిలి నమిలి కాలవలో ఉమ్మేసినా.

రెండోనాటి నుంచి సరిగ్గానే గీసినా.
కోపం పోయి కాదు.
జియారుల్ అని ఒక పిలకాయ, మీసం ఇంకా నల్లబడలా,
కాలేళ్ళ సందులు చెడిపోయి రసి కారతా ఉంటే
వొచ్చి నా ముందర పాదం చాపినాడు.
"దీదీ" అన్నాడు. ఆ పైన మాటల్లేవు మా ఇద్దరికీ.
ఆముదంలో పసుపు రంగరించి పెట్టినా.
అదే పుండు.
ఇరవై ఏళ్ళుగా నాకూ
అదే ఏలి సందున.

ఆ కొట్టంలోనే వాళ్ళ పడక.
యూరియా మూటల మీద పట్టలు,
గుళికల మందు వాసన మీద ఆవనూనె వాసన.
రాత్రిళ్ళు ఫోన్లలోంచి ఎవరి బిడ్డో ఏడస్తా ఉండేది
మా బిడ్డలు ఏడ్చినట్టే,
తెలుగులోనే.

పదిహేనో నాడు లెక్క.
గోడ మీద నలభై ఒకటి.
జియారుల్ ఫోన్లో నలభై నాలుగు.
"గోడ అబద్ధమాడదు రా" అన్నాడు మస్తానయ్య,
"మీ దీదీ గీసిందే గదా."

పదకొండు తలకాయలు నా వైపుకి తిరిగినాయి.

నోట్లో ఆకు ఉండింది.
ఆకు ఉందని మాట్లాడలా.

రైతు నలభై నాలుగు ఎకరాలకే ఇచ్చినాడని
వాళ్ళ బండి ఒంగోలు దాటినాక తెలిసింది.
నేను నమిలి ఉమ్మింది
మస్తానయ్య జేబులో పండింది.

మార్చిలో కోత మిషను వొచ్చి తెల్లారేలోపల అంతా కోసేసింది.
డ్రైవరు తమిళోడు, సీటు మీదనే అన్నం తిన్నాడు.
కాలవ పక్క మూడెకరాల గింజలు ట్రాక్టర్లో పోస్తుంటే
నేను ఆ పక్కకి పోలా.

ఈ ఏడు మళ్ళా నాటు.
ఈసారి ఒరిస్సా వాళ్ళు. జియారుల్ రాలా.
యాడున్నాడో అడగతామంటే
అతని ఊరి పేరు కూడా అడగలేదు గదా అప్పుడు.

కొట్టానికి వెల్ల ఏసినారు.
పాత గీతలు లేవు.
మొదటి రోజు పొద్దు వాలింది, మూడెకరాలు పచ్చబడింది.
ఏలు సున్నంలో ముంచి
తెల్లగోడ మీద కనపడదని
పసుపు కలుపుకోని
గీసినా.
ఆరు.

మస్తానయ్య గోడని చూసినాడు.
నన్ను చూసినాడు.

నేను ఆ పొద్దు ఆకు ఏసుకోలా.